ఎంటీబీ బరువు తగ్గించడానికి రోడ్ బైక్ భాగాలు: ఏవి పడతాయి, ఏవి పడవు, ఏ వరుసలో మార్చాలి

మన దగ్గర చాలామంది మొదట కొనే గేర్ సైకిల్ హార్డ్‌టెయిల్ ఎంటీబీ, అంటే ముందు మాత్రమే సస్పెన్షన్ ఉండే మౌంటెన్ బైక్. లావు టైర్లు, 14 నుంచి 16 కిలోల బరువు. తొక్కేది మాత్రం ఎక్కువగా తారు రోడ్డు మీదే. అందుకే రోడ్ బైక్ సామాను వేస్తే బండి తేలికవుతుందా అని అడిగేవాళ్ళు ఎక్కువ. అవుతుంది. కానీ అన్నీ పట్టవు, పట్టినవన్నీ వేయకూడదు.

ఏ భాగం గురించైనా ముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఇది ఏం పని చేస్తుంది? చైన్‌ను కదిపేదైతే రోడ్ బైక్ నుంచి తెచ్చుకోవచ్చు, కొలతలు కలిస్తే చాలు. మీ ఒంటి బరువు మోసేదైతే బండి ఎక్కడ తిరుగుతుందో చూసుకోవాలి. బండిని ఆపేదైతే దాన్ని అలాగే వదిలేయండి.

ఇక్కడ చెప్పేది 26, 27.5, 29 అంగుళాల చక్రాలతో, వెనక 8, 9 లేదా 10 గేర్లున్న హార్డ్‌టెయిల్స్ గురించి. రెండు వైపులా సస్పెన్షన్ ఉన్న బండికి ఇది వర్తించదు.

1. బండి ఎక్కడ తిరుగుతుందో తేల్చుకోండి

తారు రోడ్డు, సిమెంటు రోడ్డు, అప్పుడప్పుడు పొలాల మధ్య మట్టి బాట. మీది ఇంతవరకే అయితే కింద చెప్పినవన్నీ చేసుకోవచ్చు.

రాళ్ళ బాటలు, మెట్ల లాంటి దిగుళ్ళు, గాల్లోకి లేచే చోట్లు ఉంటే సీటు, క్యాసెట్ (వెనక పళ్ళ చక్రాల గుత్తి) దగ్గర ఆగిపోండి. రోడ్ స్టెమ్ (హ్యాండిల్‌ను ఫోర్కుకు కలిపే ముక్క), రోడ్ సీట్ పోస్ట్ (సీటు కింది గొట్టం), సన్న టైరు అలాంటి దెబ్బల కోసం చేసినవి కావు. సైకిళ్ళ భద్రతా ప్రమాణం ఐఎస్‌ఓ 4210లో కూడా రోడ్ రేసింగ్ బండికీ మౌంటెన్ బండికీ పరీక్షలు వేరుగానే ఉంటాయి.

వారంలో ఆరు రోజులు ఆఫీసుకు, ఆదివారం ట్రైల్‌కు వెళ్ళేవాళ్ళు టైర్లను మాత్రం రెండు జతలు పెట్టుకుంటే సరిపోతుంది.

2. తూకం వేయండి, కొలతలు రాసుకోండి

ఏదీ కొనకముందే చేయాల్సిన పని ఇది. డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఈ మెట్టు దాటేసినప్పుడే. వంటింట్లో వాడే డిజిటల్ కాటా చిన్న భాగాలకు సరిపోతుంది. మొత్తం బండికి సామాన్లు తూచే కొక్కెం కాటా చాలు.

తూకం వేసేటప్పుడే సైడ్ స్టాండు, బాటిల్ హోల్డర్, ఊగులాడే ప్లాస్టిక్ మడ్‌గార్డ్‌లు, చైన్ వెనకుండే ప్లాస్టిక్ పళ్ళెం విప్పి పక్కన పెట్టి చూడండి. స్టాండు ఒక్కటే చాలా బళ్ళలో 300 గ్రాములు దాటుతుంది. రూపాయి ఖర్చు లేకుండా అంత తగ్గించుకోవచ్చు. బెల్లు మాత్రం ఉంచండి.

రాసుకోవాల్సినవి:

☐ టైరు పక్కన ఉన్న మిల్లీమీటర్ల అంకె. 57-622 లాంటిది. రెండో అంకె రిమ్ము కొలత: 26కి 559, 27.5కి 584, 29కి 622.
☐ రిమ్ము లోపలి వెడల్పు. స్టిక్కర్ మీద 622×21 అని ఉంటే లోపల 21 మి.మీ.
☐ సీట్ పోస్ట్ వ్యాసం. పోస్ట్ కింది భాగంలో చెక్కి ఉంటుంది: 27.2, 30.9, 31.6 వగైరా.
☐ స్టెమ్ హ్యాండిల్‌ను పట్టుకునే చోట వ్యాసం. కొత్త బళ్ళలో 31.8, పాతవాటిలో 25.4.
☐ వెనక ఎన్ని పళ్ళ చక్రాలు, చిన్నదానికి ఎన్ని పళ్ళు, పెద్దదానికి ఎన్ని.
☐ ముందు రింగుల పళ్ళు.
☐ వెనక డిరైలర్ (చైన్‌ను ఒక పళ్ళ చక్రం నుంచి ఇంకోదానికి మార్చేది) మోడల్ నంబరు. లోపలి వైపు ఆర్‌డీ అన్న అక్షరాలతో మొదలవుతుంది.
☐ వాల్వ్ రకం: కారు, మోటార్ సైకిల్‌కు ఉండే లావు ష్రేడరా, సన్న ప్రెస్టానా.

3. టైర్లు, ట్యూబులు: మొదలుపెట్టాల్సింది ఇక్కడే

నా మాట వింటే బడ్జెట్‌లో సగం ఇక్కడే పెట్టండి. కంపెనీ నుంచి వచ్చే 29×2.25 వైర్ బీడ్ (అంచులో ఇనుప తీగ ఉన్న) టైరు ఒక్కోటి సుమారు 800 గ్రాములు ఉంటుంది. 40 మి.మీ. మడత టైరు 480 దగ్గర ఉంటుంది. లావు ట్యూబు 200 దాటుతుంది. టీపీయూ (పల్చటి ప్లాస్టిక్ రకం) ట్యూబు 40 గ్రాములు. రెండు చక్రాలకూ కలిపి లెక్క వేస్తే ఒక కిలో దాకా తగ్గింది. ఫోర్కు తప్ప బండి మీద ఇంకే రెండు భాగాలు మార్చినా ఇంత రాదు. పైగా ఇది చక్రం అంచున తిరిగే బరువు. సిగ్నల్ దగ్గర ఆగి మళ్ళీ కదిలిన ప్రతిసారీ తేడా తెలుస్తుంది. గుబ్బల టైరు రోడ్డు మీద చేసే రొద కూడా పోతుంది.

29 చక్రం ఉన్నవాళ్ళది అదృష్టం. రోడ్ బైక్ 700సి చక్రం, ఎంటీబీ 29 చక్రం రెండింటి రిమ్ము కొలతా 622 మి.మీ. కాబట్టి 700×38, 700×40, 700×45 టైర్లు నేరుగా పడతాయి. 27.5 వాళ్ళు 584 కొలతలో వచ్చే 47 మి.మీ. నున్నటి టైర్లు వెతకాలి. వాటిని 650బి పేరుతో అమ్ముతారు. 26 చక్రానికి రోడ్ టైరు పట్టదు. 559 కొలతలోనే 26×1.5 స్లిక్ (నున్నటి టైరు) తీసుకోండి, ఫలితం దాదాపు అదే.

షాపులో జాగ్రత్త. మన పాత నల్ల సైకిళ్ళ 28×1½ టైరు కొలత 635. అది 29 రిమ్ముకు వదులైపోతుంది. అదే 28 పేరుతో 622 టైర్లు కూడా ఉన్నాయి, 28×1.60 అని రాసి ఉంటుంది. అంగుళాలు అడగొద్దు, 622 అంకె చూపించి అడగండి.

ఎంత సన్నగా వెళ్ళొచ్చు? రిమ్ము లోపలి వెడల్పు 21 నుంచి 25 ఉంటే 35 మి.మీ. కంటే తగ్గొద్దు. 25, 28 టైర్లు ఆ రిమ్ము మీద పక్కలకు సాగిపోయి నిలబడతాయి. చిన్న గుంతకే రిమ్ము నేలను తాకుతుంది. మన స్పీడ్ బ్రేకర్లకు, రోడ్డు తవ్వి పూడ్చిన చోట్లకు 40 దగ్గర ఆగడం మంచిది.

వేసే వరుస:

1) రిమ్ము టేపు చూడండి. స్పోక్ తలలు బయటికి కనిపిస్తే కొత్త టేపు వేయండి. టీపీయూ ట్యూబుకు ఇది మరీ ముఖ్యం.
2) ఎంటీబీ రిమ్ముకు ష్రేడర్ రంధ్రం, అంటే 8.5 మి.మీ. ఉంటుంది. ప్రెస్టా వాల్వుకు 6 చాలు. ప్రెస్టా ట్యూబు వేస్తే రంధ్రంలో చిన్న అడాప్టర్ బుష్ పెట్టాలి. లేకపోతే వాల్వ్ మొదట్లో ట్యూబు చీలుతుంది.
3) టైరు పక్కన బాణం గుర్తు చక్రం తిరిగే వైపు ఉండాలి.
4) ట్యూబులో కొంచెం గాలి నింపి, గుండ్రంగా అయ్యాక లోపల పెట్టండి. చివరి అంచును చేతి బొటనవేళ్ళతో ఎక్కించండి, స్పానర్‌తో కాదు.
5) గాలి టైరు మీద, రిమ్ము మీద రాసిన గరిష్ఠాల్లో చిన్నదాన్ని దాటకూడదు. 70 కిలోల మనిషి 40 మి.మీ. టైరుకు ముందు 40, వెనక 45 పీఎస్‌ఐతో మొదలుపెట్టొచ్చు. రోడ్ బైక్ అనుకుని 90 కొడితే ఎంటీబీ రిమ్ము ఓర్చుకోదు.

రెండు పర్యవసానాలున్నాయి. టైరు సన్నబడితే బండి మొత్తం 15 నుంచి 17 మి.మీ. కిందికి దిగుతుంది. మలుపులో లోపలి పెడల్ కింద ఉంచి తొక్కితే నేలకు కొట్టుకుంటుంది. ఇంకోటి, స్పీడోమీటర్‌లో చక్రం చుట్టుకొలత మార్చాలి. 29×2.25కి సుమారు 2300 మి.మీ. ఉండేది 700×40కి సుమారు 2200 అవుతుంది. మార్చకపోతే కిలోమీటర్లు ఎక్కువ చూపిస్తుంది. అది నచ్చేవాళ్ళూ ఉంటారు లెండి.

4. సీటు, సీట్ పోస్ట్

సీటు మార్చడానికి కొలతల తలనొప్పి దాదాపు లేదు. 7 మి.మీ. గుండ్రటి రెయిల్స్ ఉన్న రోడ్ సీటు ఏదైనా పడుతుంది. కార్బన్ రెయిల్స్ 7×9 కోడిగుడ్డు ఆకారంలో ఉంటాయి. వాటికి తగిన క్లాంప్ లేకపోతే కొనొద్దు, పక్కల నుంచి నొక్కే క్లాంప్‌లో పగులుతాయి. బండితో వచ్చే మెత్తటి సీటు 400 గ్రాముల దాకా ఉంటుంది, మామూలు రోడ్ సీటు 230 నుంచి 250. మొదటి వారం గట్టిగా అనిపిస్తుంది. వెడల్పు మీ కూర్చునే ఎముకలకు సరిపోతే తర్వాత మరిచిపోతారు, సరిపోకపోతే ఎన్ని వారాలైనా అలవాటు కాదు.

సీట్ పోస్ట్ దగ్గర ఒక చిక్కుంది. రోడ్ పోస్టులు ఎక్కువగా 27.2 వ్యాసంలో ఉంటాయి. మీ ఫ్రేము 30.9 లేదా 31.6 అయితే మధ్యలో షిమ్ (సందు నింపే సన్న గొట్టం) వేయాలి. షిమ్ బరువు కలిపాక ఎంత మిగిలిందో చూడండి. చాలాసార్లు ఏమీ మిగలదు.

అంతకన్నా పెద్దది పొడవు. ఎంటీబీ ఫ్రేము పైగొట్టం కిందికి వాలి ఉంటుంది కాబట్టి పోస్ట్ బయటికి ఎక్కువ తీయాలి. రోడ్ పోస్టులు కొన్ని 300, అంతకన్నా పొట్టివి కూడా ఉంటాయి. మీ ఎత్తుకు పెట్టినప్పుడు కనీస లోతు గీత ఫ్రేములోకి మునగాలి. గీత బయటే ఉంటే పోస్ట్ వంగుతుంది, లేదా ఫ్రేము పగులుతుంది. రెండోది జరిగితే మిగిల్చిన గ్రాములతో పాటు బండి కూడా పోతుంది.

అల్యూమినియం పోస్టుకు గ్రీజు, కార్బన్ పోస్టుకు కార్బన్ పేస్ట్ రాయాలి. తారుమారు చేయొద్దు. బిగింపు ఎంతో క్లాంప్ మీద రాసి ఉంటుంది, మామూలుగా 5 లేదా 6 న్యూటన్ మీటర్లు.

5. స్టెమ్

తారు రోడ్డు బండికే. రెండు బళ్ళకూ స్టీరర్ (ఫోర్కు పై గొట్టం) 28.6, హ్యాండిల్ 31.8 అయితే రోడ్ స్టెమ్ నేరుగా పడుతుంది. తగ్గేది 50 గ్రాములు, అంతకన్నా తక్కువే కావచ్చు. ఒంగి తొక్కే భంగిమ కావాలనుకుంటేనే మార్చండి, బరువు కోసం కాదు.

ముందు పైన ఉన్న టాప్ క్యాప్ బోల్టును హ్యాండిల్ లూజు పోయేదాకా బిగించాలి. ఆ తర్వాతే స్టెమ్ పక్క బోల్టులు. ముందు పలక నాలుగు బోల్టులను ఎదురుబొదురుగా, కొద్దికొద్దిగా, పైనా కిందా సందు సమానంగా ఉండేలా బిగించండి.

రోడ్ డ్రాప్ హ్యాండిల్ జోలికి వెళ్ళొద్దు. లీవర్లు కూర్చునే చోట అది 23.8, ఎంటీబీ హ్యాండిల్ 22.2. మీ షిఫ్టర్లు (గేరు మార్చే మీటలు), బ్రేక్ లీవర్లు ఎక్కవు. అన్నీ మార్చాల్సి వస్తుంది.

6. క్యాసెట్

మొదట మీకు ఉన్నది క్యాసెట్టో ఫ్రీవీలో తెలుసుకోండి. తక్కువ ధర 7 గేర్ల బళ్ళలో చాలావాటికి మర బిగించే ఫ్రీవీల్ ఉంటుంది. దానికి క్యాసెట్ పట్టదు. పరీక్ష సులభం: చక్రం విప్పి, పళ్ళ చక్రాలను వెనక్కి తిప్పండి. మధ్యలో టూల్ దూర్చే గాళ్ళు కూడా పళ్ళతో పాటు తిరిగితే క్యాసెట్. గాళ్ళు కదలకుండా పళ్ళు మాత్రం తిరిగితే ఫ్రీవీల్.

షిమానో కంపెనీ హెచ్‌జీ రకం హబ్‌కు (చక్రం మధ్య భాగానికి) 8, 9, 10 స్పీడ్ రోడ్ క్యాసెట్లు పడతాయి. గేర్ల సంఖ్య మాత్రం అంతే ఉండాలి. 9కి 9, 10కి 10. పది స్పీడ్ క్యాసెట్ పెట్టెలో 1 మి.మీ. స్పేసర్ వస్తే అది వెనక వేయాల్సిందే. 11 స్పీడ్ రోడ్ క్యాసెట్లకు 1.85 మి.మీ. వెడల్పు ఎక్కువున్న హబ్ కావాలి, ఒకటి రెండు 11-34 రకాలు తప్ప మన హబ్ మీద కూర్చోవు. 12 స్పీడ్ మైక్రో స్ప్లైన్, ఎక్స్‌డీ హబ్‌లకు హెచ్‌జీ క్యాసెట్ అసలు పట్టదు.

11-34 తీసి 11-25 వేస్తే సుమారు 100 గ్రాములు తగ్గుతుంది. బరువు కన్నా పెద్ద లాభం గేర్ల మధ్య తేడా చిన్నదవడం. చదునైన రోడ్డు మీద ఎదురుగాలిలో కాళ్ళకు కావాల్సిన వేగం దొరుకుతుంది.

కానీ ఎక్కుడు లెక్క వేసుకోండి. ముందు పళ్ళను వెనక పళ్ళతో భాగించాలి. ముందు 42/32/22 ఉన్న బండిలో 22×34 అంటే 0.65. 25కి మారితే 0.88, 28కి అయితే 0.79. రోడ్ బైక్ మీద 34×34 అంటే 1.0. కాబట్టి మూడు రింగుల బండికి 25 వేసినా రోడ్ బైక్ కంటే తేలిక గేరే మిగులుతుంది. అదే ముందు ఒక్క 32 రింగు ఉన్న బండికి 28 వేస్తే 1.14. దాంతో వికారాబాద్ అనంతగిరి గుట్టలు కష్టం, అరకు ఘాట్ అయితే మోకాళ్ళు తిట్టుకుంటాయి. ఒక్క రింగు బండివాళ్ళు క్యాసెట్ మార్చకండి.

వేసే వరుస:

1) చైన్ విప్ (చైన్ ముక్క తగిలించిన పిడి) తో పళ్ళు పట్టుకుని, లాక్‌రింగ్ టూల్‌తో విప్పండి.
2) హబ్ గాళ్ళను తుడిచి, పల్చగా గ్రీజు రాయండి.
3) ఒక గాడి మిగతావాటికన్నా వేరే వెడల్పు ఉంటుంది. దాన్ని చూసుకుని ఒక్కో చక్రాన్ని దించండి. స్పేసర్ల వరుస తప్పకూడదు.
4) లాక్‌రింగ్‌ను 40 న్యూటన్ మీటర్లకు బిగించండి. చిన్న చక్రం 11 పళ్ళదా 12 పళ్ళదా అన్నదాన్ని బట్టి లాక్‌రింగ్ వేరు, కొత్తదానితో వచ్చిందే వాడండి.
5) చేత్తో ఊపి చూడండి. పళ్ళు కదిలితే స్పేసర్ తక్కువైంది.

7. వెనక డిరైలర్: అవసరమైతేనే

ఇందులో తగ్గేది 50, 60 గ్రాములే. పాతది అరిగిపోయి ఎలాగూ కొనాల్సి వస్తే అప్పుడు ఆలోచించండి.

షిమానో 8, 9 స్పీడ్‌లో రోడ్, ఎంటీబీ డిరైలర్లు ఒకే కేబుల్ లాగుడుతో పనిచేస్తాయి. మీ ఎంటీబీ షిఫ్టర్‌తో రోడ్ డిరైలర్ నడుస్తుంది. 10 స్పీడ్ నుంచి దారులు వేరయ్యాయి. 10, 11 ఎంటీబీ షిఫ్టర్‌తో రోడ్ డిరైలర్ ఏ సర్దుబాటుకూ లొంగదు. షిమానో కొత్త క్యూస్ వరుస భాగాలను పాత హెచ్‌జీ భాగాలతో కలపొద్దు.

రెండు అంకెలు సరిపోవాలి. ఒకటి, అది మోయగల పెద్ద పళ్ళ చక్రం. రెండోది మొత్తం కెపాసిటీ: ముందు పెద్ద చిన్న రింగుల తేడా, వెనక పెద్ద చిన్న చక్రాల తేడా, రెండూ కలపాలి. 42-22తో 20, 11-34తో 23, మొత్తం 43. కెపాసిటీ 37 ఉన్న మీడియం కేజ్ (చైన్‌ను బిగువుగా పట్టే చేయి) రోడ్ డిరైలర్‌కు ఇది ఎక్కువ. 11-25 వేస్తే 20+14, మొత్తం 34. సరిపోతుంది. పొట్టి కేజ్ మూడు రింగులకు చాలదు.

మీ పాత డిరైలర్‌కు క్లచ్ మీట ఉంటే దాన్నే ఉంచండి. క్లచ్ లేనిది మట్టి బాటలో చైన్‌ను ఊపి ఫ్రేముకు కొడుతుంది, ఒక్క రింగు బండిలో చైన్ పడేస్తుంది.

8. చైన్, సర్దుబాటు

క్యాసెట్ మారిస్తే చైన్ అరుగుదల కొలవండి. గేజ్ 0.75 చూపిస్తే కొత్తది వేయాలి. పొడవు కోసం చైన్‌ను డిరైలర్‌లోకి పోనివ్వకుండా ముందు పెద్ద రింగు, వెనక పెద్ద చక్రం మీద చుట్టి, కలిసే చోటు నుంచి 2 లింకులు ఎక్కువ ఉంచి కోయండి. ఈ కొలత ఒకటికి రెండుసార్లు చూడండి. పొట్టి చైన్‌తో పొరపాటున పెద్ద-పెద్ద గేరు పడితే డిరైలర్, హ్యాంగర్ (దాన్ని ఫ్రేముకు పట్టే ముక్క) రెండూ విరుగుతాయి.

సర్దే వరుస ఇది: డిరైలర్ మీది హెచ్ స్క్రూతో చిన్న చక్రం కింద జాకీ వీల్‌ను (డిరైలర్‌లోని చిన్న పుల్లీని) నిలపండి, ఎల్ స్క్రూతో పెద్ద చక్రం కింద. తర్వాత బి స్క్రూ (జాకీ వీల్‌కూ క్యాసెట్‌కూ మధ్య దూరం సర్దేది), ఆఖరున కేబుల్ బ్యారెల్ (కేబుల్ బిగువు సర్దేది). ముందే బ్యారెల్ తిప్పడం మొదలుపెడితే సాయంత్రం దాకా తిప్పుతూనే ఉంటారు.

9. వేయకూడనివి

రోడ్ క్రాంక్ (పెడళ్ళు బిగించే చేతులు, ముందు రింగులు). చైన్ లైన్, అంటే ఫ్రేము మధ్య గీత నుంచి ముందు రింగులకు దూరం, రోడ్ డబుల్‌కు 43.5 మి.మీ., ఎంటీబీకి 47.5 నుంచి 52 దాకా. పెద్ద రింగు ఫ్రేము వెనక గొట్టానికి తగులుతుంది. 73 మి.మీ. బాటమ్ బ్రాకెట్ (క్రాంక్ ఇరుసు తిరిగే చోటు) ఫ్రేముకు రోడ్ క్రాంక్ ఇరుసు పొడవు చాలదు.

ముందు డిరైలర్. ఎంటీబీ షిఫ్టర్ లాగే కేబుల్, రోడ్ డిరైలర్‌కు కావాల్సిన కేబుల్ వేరు.

బ్రేకులు. వి బ్రేకుకు ఎక్కువ కేబుల్ లాగే లీవర్ కావాలి. రోడ్ కాలిపర్ లీవర్ పెడితే హ్యాండిల్ దాకా నొక్కినా బండి ఆగదు. డిస్క్ ఉన్నవాళ్ళు బరువు కోసం 160 మి.మీ. డిస్కు తీసి 140 వేయాలని చూస్తుంటారు. శ్రీశైలం ఘాట్ దిగేవాళ్ళకు ఆ ఆలోచనే వద్దు.

రోడ్ ఫోర్కు. సస్పెన్షన్ ఫోర్కు కంటే సుమారు 100 మి.మీ. పొట్టి. వేస్తే బండి ముందుకు వాలి, 20 మి.మీ.కు ఒక డిగ్రీ చొప్పున హెడ్ యాంగిల్ (ఫోర్కు తిరిగే గొట్టం వాలు) నిటారవుతుంది. వంపుల్లో బండి నిలకడ పోతుంది, లావు టైరూ పట్టదు. బరువు నిజంగా తగ్గాలంటే సస్పెన్షన్ పొడవుకు సరిచేసిన ఎంటీబీ రిజిడ్ ఫోర్కు తీసుకోండి. చవక స్ప్రింగ్ ఫోర్కు తీసేస్తే కిలోకు పైగా పోతుంది.

రోడ్ చక్రాలు. రిమ్ బ్రేకు రోడ్ వెనక హబ్ వెడల్పు 130 మి.మీ., మీ ఫ్రేము 135 లేదా 142, బూస్ట్ అయితే 148. అల్యూమినియం ఫ్రేమును నొక్కి సరిపెట్టకూడదు.

10. కొత్త భాగాలతో వచ్చే తిప్పలు, మందు

గేరు మారడానికి నెమ్మదిస్తోంది: పెద్ద క్యాసెట్ కోసం చేసిన డిరైలర్ చిన్న క్యాసెట్‌కు దూరంగా వేలాడుతోంది. బి స్క్రూ వదులు చేసి జాకీ వీల్‌ను దగ్గరికి తెండి.

గట్టిగా తొక్కితే చైన్ జారుతోంది: పాత చైన్, కొత్త క్యాసెట్. చైన్ మార్చండి.

ఒక గేరులోనే టకటక శబ్దం: స్పేసర్ వరుస తప్పింది, లేదా హ్యాంగర్ వంగింది. మొదట స్పేసర్లు చూడండి.

వాల్వ్ దగ్గరే పంక్చర్లు: అడాప్టర్ బుష్ లేదు.

సీటు దగ్గర కిర్రుమనడం: పోస్ట్ విప్పి, తుడిచి, మళ్ళీ గ్రీజు లేదా పేస్ట్. సీటు రెయిల్స్ బోల్టులు కూడా చూడండి.

11. రోడ్డెక్కేముందు

☐ ముందు చక్రం కాళ్ళ మధ్య బిగపట్టి హ్యాండిల్ తిప్పండి. స్టెమ్ జారకూడదు.
☐ ముందు బ్రేకు పట్టి బండిని ముందుకు వెనక్కి ఊపండి. హెడ్‌సెట్‌లో (ఫోర్కు తిరిగే బేరింగుల్లో) టక్కుమనకూడదు.
☐ సీట్ పోస్ట్ గీత లోపలే ఉందా?
☐ చక్రం ఎత్తి అన్ని గేర్లూ మార్చండి, పెద్ద-పెద్దతో సహా.
☐ టైరు చుట్టూ బీడ్ గీత రిమ్ముకు సమాన దూరంలో ఉందా?
☐ రెండు బ్రేకులూ పట్టి నడిపించి చూడండి.

మొదటి 20 కిలోమీటర్లు ఇంటి చుట్టుపక్కలే తొక్కండి. ఎలెన్ కీలు జేబులో ఉండాలి. తిరిగొచ్చాక స్టెమ్, సీటు బోల్టులను టార్క్ రెంచితో ఇంకోసారి చూడండి, కొత్త కేబుల్ వేసి ఉంటే కేబుల్ బిగిసేలా బ్యారెల్ అర చుట్టు బయటికి తిప్పాల్సి రావచ్చు.